భుజం నుంచి వీపు దాకా తోరణం టాటూ: వేయించుకునే ముందు, పూర్తిగా మానేదాకా

హంసతోరణం (హన్మకొండ), నవంబర్ 6

అందరికీ నమస్తే. నాకు 29 ఏళ్లు. హన్మకొండలో బ్యాంకు ఉద్యోగం. ఎన్నో ఏళ్లుగా మనసులో ఉన్న కోరిక ఇప్పుడు తీర్చుకోవాలనుకుంటున్నాను. వరంగల్ కోటలోని కీర్తితోరణం, పైనున్న రెండు హంసలతో సహా. ఎడమ భుజం దగ్గర మొదలై, వెనక రెక్క ఎముక మీదుగా వీపు సగం దాకా వస్తుంది. తోరణం కింద మా నాయనమ్మ ముంజేతి మీదుండే పచ్చబొట్టు గుర్తులు: తులసికోట, తేలు, మూడు చుక్కలు. ఆమె పోయి రెండేళ్లయింది. "పోయేనాడు నగలన్నీ ఒలుచుకుంటరు, ఇదొక్కటే నా వెంట వస్తది బిడ్డా" అని ఆ చెయ్యి చూపించేది.

నాకు ఇంతవరకు చిన్న టాటూ కూడా లేదు. నొప్పి గురించి అంత భయం లేదు. నా టెన్షన్ అంతా తర్వాత సంగతి. చెయ్యి అందని చోట ఎలా కడుక్కోవాలి, ఏం పూయాలి, ఆఫీసుకు ఎప్పటి నుంచి పోవచ్చు, జాకెట్ ఎలా వేసుకోవాలి. సంక్రాంతి సెలవుల్లో వేయించుకుని, ఆ నెల చివర ఇంటిల్లిపాదీ మేడారం పోదామని ప్లాన్. ఇంత పెద్దది వేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. మీరు చేసిన తప్పులు కూడా చెప్పండి, అవే నాకు ఎక్కువ పనికొస్తాయి.

సూదిపని (వరంగల్), నవంబర్ 6

చెల్లీ, నేను 11 ఏళ్లుగా టాటూలు వేసే పనిలో ఉన్నాను. అన్నిటికంటే ముందు ఒక మాట. సంక్రాంతికి వద్దు.

అంత పెద్ద బొమ్మ ఒక్క సిట్టింగ్‌లో అయ్యేది కాదు. మొదట గీతలు వేస్తారు. ఆ చర్మం మానాక షేడింగ్, అంటే లోపల నీడలు నింపడం. మధ్యలో కనీసం నాలుగు వారాలు ఇవ్వాలి. సంక్రాంతికి మొదలుపెడితే జాతర రోజుల్లో, అంటే జనవరి 28 నుంచి 31 మధ్య, నీ వీపు ఇంకా పొట్టు రాలుతూనే ఉంటుంది, సగం బొమ్మ మిగిలే ఉంటుంది. అలాంటి వీపుతో జంపన్న వాగులో మునిగితే ఏమవుతుందో ఆలోచించు. అన్ని లక్షల మంది మునిగే నీళ్లు అవి. ఈ నెల మధ్యలో మొదటిది, డిసెంబర్ మూడో వారంలో రెండోది పెట్టుకో. జాతర నాటికి చర్మం మూసుకుంటుంది. పైగా చలికాలం, చెమట తక్కువ. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పెద్ద పని అడిగితే నేను చాలాసార్లు వర్షాలు పడ్డాక రమ్మంటాను.

సూది సంగతి కూడా తెలుసుకో. అది ఒకటి, రెండు మిల్లీమీటర్లు దిగుతుంది. పై పొర దాటి, కింది పొరలో ఇంక్ కూర్చోవాలి. పై పొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంటుంది కాబట్టి అక్కడ పడ్డ ఇంక్ నిలవదు. మరీ లోతుకు పోతే గీత చుట్టూ నీలంగా పాకుతుంది. అందుకని వేసేవాళ్లు ఎవరైనా సరే, వాళ్లు వేసినవి కొత్తవి కాకుండా, మానిపోయి ఏడాది దాటినవి చూపించమని అడుగు. ఆ రోజు తీసిన ఫొటోలో అందరి పనీ బాగుంటుంది.

స్టెన్సిల్ (చర్మం మీద ముందుగా దించే బొమ్మ అచ్చు) అంటించేటప్పుడు నిటారుగా నిలబడి చేతులు వదులుగా వేలాడదీయి. పడుకుని అంటిస్తే లేచాక తోరణం స్తంభాలు వంగిపోతాయి. నచ్చకపోతే తుడిచి మళ్లీ అంటించమను, మొహమాటపడకు. ఇంకోటి, తోరణం మీది పూమొగ్గల వరుసలు రాతిలో ఉన్నట్టే అన్నీ పెట్టించాలని చూడకు. బియ్యపు గింజంత మొగ్గలు ఇప్పుడు ముద్దుగా ఉంటాయి. గీత ఏళ్ల మీద కాస్త లావెక్కి, పదేళ్లకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. సగం తీసేసి మిగిలినవి పెద్దవి చేయించు.

కాజీపేట_జంక్షన్, నవంబర్ 6

సూదిపని అన్న ఎండాకాలం గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను రెండేళ్ల కింద మే నెలలో పిక్క మొత్తం పులి బొమ్మ వేయించుకున్నాను. డ్యూటీలో ప్యాంటు, సాక్సు, చెమట. నాలుగో రోజుకి ప్యాంటు గుడ్డ టాటూకి అతుక్కుపోయింది. నేను బలంగా లాగేశాను. పక్కుతో పాటు ఇంక్ ఊడొచ్చింది, ఇప్పటికీ అక్కడ పులి చెవి లేదు. అక్కా, గుడ్డ అతుక్కుంటే లాగొద్దు. గోరువెచ్చని నీళ్లు పోసి నానబెడితే దానంతట అదే వదులుతుంది. నాకు ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు.

చర్మం_డాక్టర్ (కరీంనగర్), నవంబర్ 7

హంసతోరణం గారూ, అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు మీ ఒంటి మీద రెండు చోట్లు చూసుకోండి. ఒకటి, చెవులు, ముక్కు కుట్టించుకున్న చోటు. రెండోది, పసితనంలో ఎడమ భుజం మీద వేసిన బీసీజీ టీకా మచ్చ. ఈ రెండింట్లో ఎక్కడైనా మచ్చ దాని హద్దు దాటి గట్టిగా, మెరుస్తూ, గడ్డలా పెరిగిందా? అమ్మకు గానీ అన్నదమ్ములకు గానీ అలా ఉందా? ఉంటే అది కెలాయిడ్ స్వభావం. భుజం, ఛాతీ, వీపు పైభాగం కెలాయిడ్ ఎక్కువగా వచ్చే చోట్లే. మీరు ఎంచుకున్నదీ అదే చోటు. అలాంటి మచ్చ ఉంటే ఈ ఆలోచన మానుకోమనే చెప్తాను.

షుగర్ ఉంటే అది అదుపులో ఉన్నప్పుడే. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందు మీ డాక్టర్‌ని అడగాలి, సొంతంగా ఆపకూడదు. గర్భంతో ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు వాయిదా వేసుకోవాలి. సోరియాసిస్ ఉన్నవాళ్లకు సూది పడ్డ చోటల్లా ఆ మచ్చలే లేచే అవకాశం ఉంది.

హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారా? పెద్దవాళ్లకు మూడు డోసులు, మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. మీకు సూది రేపే పడుతున్నా సరే, ఈ టీకా మొదలుపెట్టడం మంచిదే. హెపటైటిస్ సి కి, హెచ్‌ఐవీకి టీకా లేదు. వాటికి కొత్త సూది ఒక్కటే రక్షణ. సీలు ప్యాకెట్ మీ కళ్ల ముందు విప్పాలి, గ్లవ్స్ కొత్తవి వేసుకోవాలి, ఇంక్ చిన్న మూతల్లోకి పోసుకుని, మిగిలింది పారేయాలి. మళ్లీ సీసాలోకి పోస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

హంసతోరణం, నవంబర్ 7

డాక్టర్ గారూ, ఇప్పుడే అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. బీసీజీ మచ్చ చప్పగా, చిన్న గుంటలా ఉంది. చెవులు, ముక్కు మామూలుగానే ఉన్నాయి. అమ్మను అడిగితే మా ఇంట్లో ఎవరికీ అలాంటివి లేవంది. ఎందుకు అడుగుతున్నానో చెప్పక తప్పలేదు. ప్రస్తుతం ఆమె నాతో మాట్లాడటం లేదు.

సూదిపని అన్నా, మీరన్నట్టే నవంబర్ 16, డిసెంబర్ 21 తీసుకున్నాను. రెండూ ఆదివారాలే. తర్వాతి మూడేసి రోజులు సెలవు పెట్టాను.

రక్తదాత_హన్మకొండ, నవంబర్ 7

చెల్లెమ్మా, ఒక విన్నపం. మన దేశ నిబంధనల ప్రకారం టాటూ వేయించుకున్నాక 12 నెలలు రక్తం ఇవ్వకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లయితే ఈ 16 లోపే ఒకసారి వచ్చి ఇచ్చిపోండి, కనీసం వారం ముందు ఇస్తే ఒంటికి మంచిది. టాటూ తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. క్యాంపులో అడిగినప్పుడు చాలామందికి గుర్తుండదు, కొందరు దాచిపెడతారు కూడా. దాచిపెట్టడం చాలా పెద్ద తప్పు.

ఫిజికల్స్_ప్రిపరేషన్ (జనగామ), నవంబర్ 8

అక్కా, మీ చర్చ మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను ఎస్సెస్సీ జీడీకి (కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష), ఆర్మీకి రెడీ అవుతున్నాను. నాకు కూడా భుజం మీద పెద్దది వేయించుకోవాలని ఉంది. మెడికల్‌లో పక్కన పెడతారా?

సూదిపని, నవంబర్ 8

తమ్ముడూ, ఆగు. ఉద్యోగం వచ్చేదాకా భుజం ముట్టుకోకు. కేంద్ర బలగాల నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంటుంది. ఎడమ ముంజేతి లోపలి వైపు, అంటే సెల్యూట్ చేయని చెయ్యి, లేదంటే అరచేతి వెనక, అక్కడే ఒప్పుకుంటారు. అది కూడా ఆ భాగంలో నాలుగో వంతు కంటే చిన్నగా ఉండాలి. ఆర్మీ వాళ్లు ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక తప్ప మిగతా చోట్ల ఒప్పుకోరు, ఆదివాసీ సముదాయాల వాళ్లకు సడలింపు ఉంది. రన్నింగ్, మార్కులు అన్నీ గెలిచి మెడికల్‌లో టాటూ వల్ల ఏడ్చిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు, చెరపమని. చెరపడం నా చేతిలో లేదు. లేజర్‌కి పోతే ఎన్నో సిట్టింగులు, వారాల కొద్దీ గ్యాప్, వేయించుకున్న దానికంటే ఎక్కువ డబ్బు. అప్పటికీ మచ్చ పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వరు.

ఉట్నూరు_గాలి, నవంబర్ 8

నాయనమ్మ గారి గుర్తులు కలుపుతున్నారని చదివి చాలా సంతోషం వేసింది. మా వైపు గోండు ఆడవాళ్లకు పచ్చబొట్లు పొడిచేది తోటి తెగ ఆడవాళ్లు. తరతరాలుగా వాళ్ల చేతి విద్య అది. మా అమ్మమ్మకు నుదుటి మీద, చేతుల మీద ఉన్నాయి. సూదులు కట్టగా కట్టి, దీపం మసిలో ఆకు పసరు కలిపి పొడిచారని చెప్పేది. మసి నల్లగానే ఉంటుంది, చర్మం లోపలి నుంచి చూస్తే పచ్చగా, నీలంగా కనిపిస్తుంది, అందుకే పచ్చబొట్టు. ఆ చుక్కల మధ్య దూరం, గీతల వరుస ఊరికే ఉండవు. ఫొటోలో ఎలా ఉంటే అలాగే దించమనండి, అందంగా సర్దొద్దనండి.

హంసతోరణం, నవంబర్ 8

మీరు చెప్పాక డిజైన్ మళ్లీ చూశాను. టాటూ వేసే ఆయన చుక్కల్ని సమానంగా సర్దేశారు. నాయనమ్మవి ఒకటి కాస్త కిందికి ఉంటుంది. అలాగే దించమని మెసేజ్ పెట్టాను. మీకు ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

మిర్చియార్డు (ఏనుమాముల), నవంబర్ 9

జాతరలో గుడ్డ పరిచి బ్యాటరీ మెషిన్‌తో వేసే వాళ్ల దగ్గర మాత్రం వద్దు. మా బావమరిది ఒక జాతరలో పేరు వేయించుకున్నాడు. ముందు వేయించుకున్న పది మందికీ అదే సూది, అదే ఇంక్ గిన్నె. వారానికి చెయ్యి మోచేతి దాకా వాచి, చీము పట్టి, ఆసుపత్రిలో ఐదు రోజులు ఉన్నాడు. తర్వాత ఆరు నెలల దాకా రక్త పరీక్షలు చేయిస్తూ మేమంతా ఎంత నలిగిపోయామో దేవుడికే తెలుసు.

హంసతోరణం, నవంబర్ 16, రాత్రి

అయిపోయింది. మొదటి సిట్టింగ్, గీతలు మాత్రమే. ఉదయం 11 నుంచి సాయంత్రం 4:30 దాకా, మధ్యలో రెండుసార్లు విరామం. భుజం మీద పెద్దగా తెలియలేదు. రెక్క ఎముక అంచు మీదికి, వెన్నుపూస దగ్గరికి వచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందు రోజు బాగా నిద్రపోయి, ఇడ్లీ తిని, కొబ్బరినీళ్లు బాటిల్‌లో పోసుకుని పోయాను. పక్క కుర్చీలో ఒకబ్బాయి ఖాళీ కడుపుతో వచ్చి, పది నిమిషాలకే కళ్లు తిరిగి పడిపోయాడు.

సెకండ్ స్కిన్ అంటారే, ఆ పారదర్శకమైన ప్లాస్టర్ వేశారు. మూడు రోజులు ఉంచమన్నారు. లోపల నల్లటి నీరు చేరుతోంది, ఇది మామూలేనా?

సూదిపని, నవంబర్ 16

మామూలే. రసి, కాస్త రక్తం, పైన మిగిలిన ఇంక్ కలిసి అలా కనిపిస్తుంది. మొదటి రోజు ఎక్కువగా ఉంటుంది. ఒక షరతు గుర్తుపెట్టుకో: అంచు ఎక్కడైనా లేచి నీరు కారుతుంటే ఆ ప్లాస్టర్‌కి ఇక పని లేదు. బయటి మురికి లోపలికి పోయే దారి పడినట్టే. వెంటనే తీసేయాలి, పైనుంచి ఇంకో టేప్ అంటించకూడదు. తీసేటప్పుడు గోరువెచ్చని నీళ్ల కింద, చర్మానికి సమాంతరంగా సాగదీస్తూ, నిదానంగా.

కాజీపేట_జంక్షన్, నవంబర్ 17

నేనైతే ఆ ప్లాస్టర్‌కి వ్యతిరేకం అన్నా. మన చెమటకి లోపల ఉడికిపోతుంది. నా రెండో టాటూ మొదటి రాత్రి తప్ప తెరిచే ఉంచాను, రోజుకి మూడుసార్లు కడిగి, పలచగా ఆయింట్‌మెంట్. చక్కగా మానింది.

సూదిపని, నవంబర్ 17

తమ్ముడూ, నీది పిక్క, కళ్ల ముందు ఉంటుంది, చెయ్యి అందుతుంది. వీపు అలా కాదు. పడుకుంటే పరుపు, కూర్చుంటే కుర్చీ, పైన జాకెట్. మొదటి రెండు మూడు రోజులు ఆ పొర ఉంటే రాపిడి తప్పుతుంది. నవంబర్ కాబట్టి ఒప్పుకుంటాను. మే నెలలో అయితే నీ మాటే నా మాట.

హంసతోరణం, నవంబర్ 18, సాయంత్రం

అంచు లేచింది, తీసేశాను. ఇప్పుడు భయంగా ఉంది. టాటూ చుట్టూ ఎర్రగా, చిన్న చిన్న పొక్కుల్లా వచ్చాయి, విపరీతమైన దురద. మెడికల్ షాపుకి పోతే ఒక ట్యూబు ఇచ్చి పూయమన్నారు. అన్నిటికీ పనిచేస్తుందట. ఇంకా పూయలేదు. ఇది ఇన్‌ఫెక్షనా?

చర్మం_డాక్టర్, నవంబర్ 18

ఆ ట్యూబు పక్కన పెట్టండి. మన మెడికల్ షాపుల్లో "అన్నిటికీ పనిచేస్తుంది" అని ఇచ్చేవాటిలో చాలావరకు స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపినవి. తెరుచుకున్న గాయం మీద ఇంత వెడల్పున సొంతంగా పూయకూడదు. గాయం మానడం ఆలస్యమవుతుంది, ఇన్‌ఫెక్షన్ ఉంటే అది కనపడకుండా దాక్కుంటుంది.

ఇప్పుడు ఎర్రదనం ఆకారం చూడండి. ప్లాస్టర్ అంటుకున్న చోట, దాని అంచు వెంట నలుచదరంగా గీత గీసినట్టు ఆగిపోయిందా? అయితే అది జిగురు పడక వచ్చిన దద్దురు. మళ్లీ అది వేయించుకోవద్దు, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఎర్రదనం ప్లాస్టర్ హద్దు దాటి రోజురోజుకీ పాకుతుంటే, ముట్టుకుంటే వేడిగా ఉంటే, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, చీము, జ్వరం, ఎర్రటి చారలు, చంకలో బిళ్లలు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పెన్నుతో ఎర్రదనం అంచున నాలుగు చుక్కలు పెట్టి ఫొటో తీయండి. రేపు ఆ చుక్కలు దాటిందో లేదో మీకే తెలుస్తుంది.

హంసతోరణం, నవంబర్ 19

చుక్కలు దాటలేదు. సరిగ్గా ప్లాస్టర్ ఆకారంలోనే ఉంది. నిన్న రాత్రంతా ఏడుస్తూ కూర్చున్నాను డాక్టర్ గారూ. మీ చుక్కల ఉపాయం వల్ల పొద్దున ఊపిరి పీల్చుకున్నాను.

ఇంకో సంగతి. ఆ చుక్కలు పెట్టింది మా అమ్మ. నాకు చెయ్యి అందక తిప్పలు పడుతుంటే తనే వచ్చి పెన్ను తీసుకుంది. అప్పటి నుంచి తనే కడుగుతోంది. తేలును చూసి "అత్తమ్మదే" అంది, అంతే.

అమ్మమ్మ_వైద్యం (పరకాల), నవంబర్ 20

బిడ్డా, ఇంత అవస్థ ఎందుకు? పసుపు, వేపాకు నూరి కొబ్బరినూనెలో కలిపి రాయి. మా కాలంలో పచ్చబొట్టు పొడిచినా, చెవులు కుట్టినా అదే రాసేవాళ్లం. నాకు రెండు చేతుల మీదా ఉన్నయి, ఏమీ కాలేదు.

చర్మం_డాక్టర్, నవంబర్ 20

అమ్మా, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. మీకు పొడిచింది నాలుగు చుక్కలు, గీతలు. వీళ్లకు అరచేతులు నాలుగు పెట్టేంత గాయం. డబ్బాలో పసుపు శుభ్రమైనదే అనుకుంటాం గానీ అందులో మట్టి, సూక్ష్మజీవులు ఉంటాయి. ఇంత పెద్ద పచ్చి గాయంలో పడితే చికాకు చేస్తుంది, పొడి పక్కుల్లో ఇరుక్కుంటుంది. కొబ్బరినూనె పూర్తిగా పొట్టు రాలిపోయాక, పొడిబారకుండా పలచగా రాసుకుంటే ఇబ్బంది లేదు. మేడారంలో బండారు (పసుపు) చల్లినా, నుదుట పెట్టినా అప్పటికి మానిపోయిన చర్మం కాబట్టి ఫర్వాలేదు.

అమ్మమ్మ_వైద్యం, నవంబర్ 20

సరే తల్లీ, నువ్వు చదువుకున్నదానివి, అంత పెద్ద గాయం సంగతి నాకు తెల్వదు. పిల్ల జాగ్రత్త.

హంసతోరణం, నవంబర్ 26

పదో రోజు. పాము కుబుసంలా పొట్టు రాలుతోంది. నల్లటి పొరలు ఊడుతుంటే ఇంక్ పోతుందేమోనని గుండె దడ. కింద చర్మం పాలపొర కప్పినట్టు మసకగా ఉంది. దురద అయితే చెప్పలేను, రాత్రి నిద్రలో గోకుతానేమో అని గోళ్లు మొత్తం కత్తిరించుకున్నాను.

సూదిపని, నవంబర్ 26

రాలేది పైపొర, అందులో పడ్డ ఇంక్ అది. పోవాల్సిందే. మసక కూడా కొత్త చర్మం పలచబడ్డాక, నెల దాటాక తేటపడుతుంది. గోకకు, గిల్లకు, పొట్టు లాగకు. దురద పెడితే శుభ్రమైన అరచేతితో మెల్లగా తట్టు, లేదా వాసన లేని లోషన్ పలచగా. పలచగా అంటే చర్మం జిడ్డుగా మెరవకూడదు, అంత. మందంగా పూస్తే పక్కులు నాని ఊడిపోతాయి. అందరూ పూయకపోవడం వల్ల పాడు చేసుకుంటారనుకుంటారు. నా దగ్గరికి టచప్‌కి, అంటే ఇంక్ పోయిన చోట మళ్లీ వేయించుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది అతిగా పూసినవాళ్లే.

సింగరేణి_రెండోషిఫ్ట్ (గోదావరిఖని), డిసెంబర్ 3

ఇన్ని రోజులు చదువుతూనే ఉన్నాను, ఇప్పుడు అడుగుతున్నాను. నేను భూగర్భ గనిలో పనిచేస్తాను. ముంజేయి మొత్తం వేయించుకోవాలని ఉంది. మా బాపు కూడా గనిలోనే పనిచేసి రిటైర్ అయ్యాడు. ఆయన మోకాళ్ల మీద, నుదుటి మీద నీలం గీతలున్నాయి. పని చేస్తుంటే గీసుకున్న చోట బొగ్గు దుమ్ము పడి, అలాగే మానిపోయింది. చిన్నప్పుడు అవి కూడా పచ్చబొట్లే అనుకునేవాణ్ణి. మరి పచ్చి టాటూతో నేను గనిలోకి దిగితే?

సూదిపని, డిసెంబర్ 3

అన్నా, సమాధానం మీ బాపు ఒంటి మీదే ఉంది. బొగ్గు మసి, టాటూ నల్ల ఇంక్ రెండూ కర్బనమే. తెరుచుకున్న చర్మంలో పడితే అది కూడా ఉండిపోతుంది, నువ్వు అడగని చోట. మురికి నీళ్లు, చెమట, ఫుల్ చేతుల డ్రెస్సు అదనం. పొట్టు మొత్తం రాలి, చర్మం నున్నగా మూసుకునేదాకా కిందికి దిగకు. ముంజేతికి రెండు వారాలు, కొందరికి మూడు. అంత సెలవు దొరికినప్పుడే పెట్టుకో.

మిర్చియార్డు, డిసెంబర్ 3

నాది కూడా ఇదే మాట. నేను మిర్చి సీజన్‌లో వేయించుకుని, ఐదో రోజు యార్డుకి పోయాను. చెయ్యి కప్పుకున్నా ఘాటు దుమ్ము లోపలికి పోయింది. ఆ మంట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మన పని ఏంటో చూసుకుని తేదీ పెట్టుకోవాలి.

హంసతోరణం, డిసెంబర్ 22

నిన్న షేడింగ్ అయింది. గీతల కంటే ఇది కష్టం. అదే చోట మళ్లీ మళ్లీ సూది తిరుగుతుంటే ఐదో గంటకి ఒళ్లు వణికింది. మిగిలిన కాస్తా ఇంకోసారి చేద్దామని ఆయనే ఆపుదామన్నారు, నేనే పట్టుపట్టాను. మత్తు క్రీము అడిగితే ఇంత వెడల్పుకి వేయనన్నారు.

చర్మం_డాక్టర్, డిసెంబర్ 22

వేయనన్నది మంచి పనే. ఆ మందు వీపంతా మందంగా పూసి, ప్లాస్టిక్ చుట్టి ఉంచితే రక్తంలోకి ఎక్కువ వెళ్లిపోతుంది. ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. చిన్న చోటుకి చెప్పిన మోతాదు పెద్ద చోటుకి చెల్లదు. వణుకు వచ్చాక మాత్రం ఆపేసి ఉండాల్సింది, ఇంకెప్పుడూ అలా పట్టుపట్టకండి.

హంసతోరణం, డిసెంబర్ 30

ఒక తప్పు చేశాను. ఐదో రోజు ఆఫీసులో ఆడిట్ ఉందని, వదులుగా ఉన్న నూలు కుర్తా మానేసి మామూలు జాకెట్, చీర వేసుకుని పోయాను. లోపలి స్ట్రాప్ సరిగ్గా కుడివైపు హంస రెక్క మీద పడింది. సాయంత్రానికి అక్కడి పక్కు ఊడిపోయి రక్తం చెమర్చింది. ఇప్పుడు ఆ రెక్క మీద చిటికెన వేలి గోరంత తెల్ల మచ్చ. నా అజాగ్రత్తే. అమ్మ అయితే నాకంటే ఎక్కువ బాధపడింది, పన్నెండు రోజులు వేసుకోవడానికని పాత నూలు చీర చింపి వెనక ముడి వేసే జాకెట్ కుట్టింది. వీపుకి ఏమీ తగలదు. ఆడవాళ్లు ఎవరైనా వీపు మీద వేయించుకుంటే ఇది ముందే కుట్టించుకోండి, పైన దుపట్టా కప్పుకుంటే ఆఫీసుకీ పోవచ్చు.

సూదిపని, డిసెంబర్ 30

దిగులు పడకు. అది టచప్‌తో సర్దుకునేదే. కానీ తొందరపడి వెంటనే పోకు, లోపలి చర్మం గట్టిపడాలి. రెండు నెలలు నిండాక పో.

హంసతోరణం, ఫిబ్రవరి 3

మేడారం పోయి వచ్చాం. వీపు పూర్తిగా మానింది కాబట్టి జంపన్న వాగులో మునిగాను, బయటికి వచ్చాక మంచి నీళ్లతో కడిగింది అమ్మ. ఎండలో నిలబడే ముందు ఎస్పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాసుకున్నాను. పచ్చిగా ఉన్నన్నాళ్లు గుడ్డ కప్పడమే, మానాకే సన్‌స్క్రీన్ అని డాక్టర్ గారు నాకు విడిగా చెప్పారు. మసక మొత్తం పోయింది. తోరణం స్తంభాలు నిటారుగా ఉన్నాయి. ఆ కిందికి జారిన చుక్క కూడా. రెక్క టచప్ ఫిబ్రవరి 22న.

సింగరేణి_రెండోషిఫ్ట్, ఫిబ్రవరి 5

చెల్లీ, చాలా సంతోషం. నాకు 18 రోజులు సెలవు మంజూరైంది, 9న వేయించుకుంటున్నాను. హెపటైటిస్ టీకా రెండు డోసులు అయ్యాయి. రక్తం గత నెలలోనే ఇచ్చాను. ఇంకేమైనా మర్చిపోయానా? సబ్బు ఏది వాడాలి?

హంసతోరణం, ఫిబ్రవరి 5

అన్నా, వాసన లేని, రంగు లేని మెత్తటి సబ్బు ఏదైనా సరే. కడిగే ముందు చేతులు కడుక్కోండి. టవల్‌తో తుడవకండి, కిచెన్ టిష్యూతో అద్దండి, రెండు ప్యాకెట్లు ముందే కొనిపెట్టుకోండి. పరుపు మీద పాత నూలు దుప్పటి పరచండి, ఇంక్ మరకలు పోవు. పొద్దున తిని వెళ్లండి. ఏదైనా ఎర్రగా కనిపిస్తే పెన్నుతో చుక్కలు పెట్టి ఇక్కడ ఫొటో పెట్టండి, మేమంతా చూస్తుంటాం.